చమురు బండి చదువు

నిజామాబాదు జిల్లాలో కమ్మర్‌పల్లి అనే ఊరున్నది. బోధన్ నుంచి నిజామాబాదు, ఆర్మూరు మీదుగా మెట్‌పల్లి, జగిత్యాల వైపు వెళ్ళే 63వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. చుట్టుపక్కల పసుపు చేలు చాలా ఉన్నవి. పసుపు పంటను గురించి పరిశోధనలు చేసే కేంద్రం కూడా ఈ ఊళ్ళో ఉన్నది. పసుపు తవ్వే రోజుల్లో అక్కడికి వెళ్ళి చూడండి: కొమ్ములను తవ్వి తీయటం, ఉడకబెట్టటం, ఎండబెట్టటం, పీపాలో వేసి తిప్పి మెరుగు పెట్టటం, బస్తాల కెత్తి నిజామాబాదు మార్కెట్టుకు తోలటం— ఎక్కడ చూసినా ట్రాక్టర్లే. ఆ రోజుల్లో డీజిలు రెండురోజులు రాకపోతే పనులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి.

ఆ డీజిలు ఎక్కడినుంచి వస్తుంది? పెట్రోలు బంకు నుంచి, అంటారు మీరు. మరి బంకుకు ఎక్కడినుంచి వస్తుంది? గుండ్రటి పెద్ద పీపా వేసుకున్న లారీలో వస్తుంది. ఆ లారీని టాంకరు అంటారు. దాన్ని మీరు రోడ్డు మీద ఎన్నోసార్లు చూసి ఉంటారు. కాని దాన్ని నింపటానికీ, ఖాళీ చెయ్యటానికీ పెద్ద చదువే ఉన్నదని మీలో ఎందరికి తెలుసు?

మన కమ్మర్‌పల్లి కుర్రవాడొకడు ఆ చదువుకు బయలుదేరాడనుకుందాం. అప్పటికే వాడు పసుపు బస్తాల లారీ తోలాడు. పెద్దబండ్ల లైసెన్సు ఉన్నది. అది చాలదు. ప్రమాదకరమైన సరుకులు రవాణా చేసే డ్రైవరు మూడురోజుల ప్రత్యేక శిక్షణ పొంది, ఆ సంగతి లైసెన్సు మీద రాయించుకోవాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నవి. డ్రైవరుకు చదవటం, రాయటం రావాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉన్నది. బండిలో ఉన్న సరుకుకు నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో రాసిన కాగితం ఒకటి ఎప్పుడూ డ్రైవరు దగ్గర ఉంటుంది. అది చదవలేనివాడికి ఆ బండి ఎలా అప్పగిస్తారు?

శిక్షణ అయిన తరవాత కూడా వాడికి వెంటనే బండి ఇవ్వరు. చాలా ఏళ్ళుగా టాంకరు తోలుతున్న పెద్ద డ్రైవరు పక్కన కూర్చోబెడతారు. లారీల వాళ్ళు అలాంటి పెద్దవాణ్ణి "ఉస్తాద్" అని పిలుస్తారు.

ఇద్దరూ కలిసి హైదరాబాదు పక్కన ఉన్న చర్లపల్లికి పోతారు. చర్లపల్లి, ఘట్‌కేసర్ ప్రాంతాలలో చమురు కంపెనీల పెద్ద పెద్ద నిలవకేంద్రాలున్నవి. అక్కడ ఇళ్ళకంటే ఎత్తయిన ఇనపపీపాలలో పెట్రోలూ, డీజిలూ నిలవ ఉంటాయి. ఆ చమురు చాలా దూరం నుంచి వస్తుంది. విశాఖపట్టణంలో 1957లో కాల్టెక్సు అనే విదేశీ కంపెనీ చమురుశుద్ధి కర్మాగారం ప్రారంభించింది. 1970లలో అది ప్రభుత్వం చేతికి వచ్చి, తరవాత హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఆ విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదుకు భూమిలో 572 కిలోమీటర్ల గొట్టం వేశారు. విచిత్రమేమంటే, ఒకే గొట్టంలో కొంతసేపు డీజిలు, దాని వెనకనే పెట్రోలు పంపుతారు! రెండింటి మధ్యా గోడ ఉండదు. రెండూ కలిసే చోట కొంచెం మిశ్రమం తయారవుతుంది. దాన్ని వేరుగా పట్టేస్తారు.

పూర్వం ఈ బాధలేవీ లేవు. కిరసనాయిలు నాలుగు గాలన్ల డబ్బాలలో, అంటే సుమారు 18 లీటర్ల డబ్బాలలో, ఎద్దుబండి మీద పల్లెలకు వచ్చేది. ఖాళీ అయిన డబ్బా నీళ్ళు మోయటానికో, బియ్యం పోసుకోవటానికో పనికొచ్చేది. మీ తాతయ్యనో నాయనమ్మనో అడిగితే ఆ డబ్బాల సంగతి చెబుతారు. ఇప్పుడు 12,000 లీటర్ల టాంకరు ఒకటి వస్తే, అలాంటివి 660కి పైగా డబ్బాలు ఒక్కసారిగా వచ్చినట్టు లెక్క.

నిలవకేంద్రం గేటు దగ్గరనే చదువు మొదలవుతుంది. అగ్గిపెట్టె, బీడీలు, సెల్‌ఫోను బయటనే పెట్టాలి. ఒంటిమీద నూలు బట్టలే ఉండాలి. తలకు హెల్మెట్టు, కాళ్ళకు బూట్లు. బండి పొగగొట్టానికి నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే జాలి అమర్చారా, మంటలార్పే పొడిసీసాలు ఉన్నవా, బాటరీ సంబంధం తెంపే స్విచ్చి పని చేస్తున్నదా అని ఒక్కొక్కటే చూస్తారు. ఒక్కటి సరిగా లేకపోయినా బండి వెనక్కు పోవలసిందే.

"ఉస్తాద్, నూలు బట్టలే ఎందుకు? టెరికాటు అంగీ వేస్తే ఏమైతది?" అని మన కుర్రవాడు అడుగుతాడు.

"చలికాలం రాత్రి టెరికాటు అంగీ విప్పినప్పుడు చిటచిట చప్పుడు వినలేదా తమ్మీ? చీకట్లో చూస్తే చిన్నచిన్న మెరుపులు కూడ కనపడతయి. ఆ మెరుపు ఇక్కడ మెరిస్తే మనమిద్దరం ఇంటికి పోము," అంటాడు ఉస్తాదు.

ఇది హాస్యానికి అన్నమాట కాదు. మీరు దువ్వెనతో పొడితల బాగా దువ్వి, ఆ దువ్వెనను చిన్న కాగితం ముక్కల దగ్గర పెట్టండి. ముక్కలు ఎగిరివచ్చి అంటుకుంటాయి. రాపిడివల్ల దువ్వెనకు విద్యుత్తు పట్టింది. అది తీగల్లో ప్రవహించే విద్యుత్తులాంటిది కాదు. పట్టినచోటనే నిలిచి ఉంటుంది. దాన్ని స్థిరవిద్యుత్తు అంటారు. పెట్రోలు, డీజిలు గొట్టంలో వేగంగా పారేటప్పుడు కూడా ఇలాంటి రాపిడే జరుగుతుంది. చమురుకు విద్యుత్తు పడుతుంది. నీటికైతే తొందరగా వదిలిపోతుంది. చమురు విద్యుత్తును సరిగా ప్రవహించనివ్వదు కనక తొందరగా వదలదు. ఆ చమురు టాంకరులో పడితే టాంకరుకూ విద్యుత్తు పడుతుంది. బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉన్నది. రబ్బరుగుండా విద్యుత్తు భూమిలోకి పోలేదు. అది అలా పెరిగి పెరిగి, దగ్గరలో ఏ ఇనపముక్క దొరికినా ఒక్క నిప్పురవ్వగా దూకుతుంది.

అందుకని టాంకరు నింపే చోట మొట్టమొదటి పని మూత తియ్యటం కాదు. భూమిలో పాతిన కడ్డీకి కలిపిన రాగితీగ కొస ఒకటి అక్కడ ఉంటుంది. దాన్ని బండికి గట్టిగా తగిలించాలి. రంగు మీద కాదు, శుభ్రమైన లోహం మీద. అప్పుడు పట్టిన విద్యుత్తు పట్టినట్టే భూమిలోకి దిగిపోతుంది. నింపటమంతా పూర్తయి, మూతలన్నీ వేసిన తరవాతనే తీగ తియ్యాలి. ముందు తగిలించేది అదే, చివర తీసేదీ అదే.

టాంకరు పీపా బయటికి ఒక్కటిగా కనిపిస్తుంది గాని లోపల అరలుగా విడదీసి ఉంటుంది. 12,000 లీటర్ల బండిలో సాధారణంగా నాలుగేసి వేల లీటర్ల అరలు మూడు ఉంటాయి. ఒక అరలో పెట్రోలు, రెండు అరలలో డీజిలు పట్టుకుపోవచ్చు. అంతే కాదు. నీళ్ళబిందెను సగం నింపి నడిచిచూడండి. నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుని చెయ్యి లాగేస్తాయి. 12,000 లీటర్ల డీజిలు సుమారు పది టన్నుల బరువు! బ్రేకు వేసినప్పుడు అంత బరువూ ఒక్కసారిగా ముందుకు దూకితే బండి ఆగుతుందా? అరలుంటే ఆ ఊపు విరిగిపోతుంది.

బండి పైకెక్కి, నడుముకు తాడు కట్టుకుని, మూత తీసి, అర ఖాళీగా ఉన్నదా లేదా చూస్తారు. నింపే గొట్టం కొస అర అడుగుదాకా దిగాలి. పైనుంచి ధారగా పోస్తే చమురు చిమ్మి తుంపరలవుతుంది; స్థిరవిద్యుత్తు మరీ ఎక్కువగా పుడుతుంది. కనక కొస మునిగేదాకా నెమ్మదిగా వదిలి, మునిగిన తరవాతనే వేగం పెంచుతారు. కొన్నిచోట్ల ఇప్పుడు పైన ఎక్కే పనే లేకుండా కిందినుంచే నింపే ఏర్పాట్లు వచ్చాయి.

మొన్న పెట్రోలు మోసిన అరలో ఇవాళ డీజిలు పోయవలసి వచ్చిందనుకోండి. పెట్రోలంత తేలికగా డీజిలుకు నిప్పంటుకోదు కదా, భయమెందుకు అనిపిస్తుంది. నిజానికి చాలా జాగ్రత్తగా ఉండవలసిన సమయం అదే. ఎందుకో వినండి.

పెట్రోలు ద్రవానికి నిప్పంటుకోదు. దాని ఆవిరికి అంటుకుంటుంది. అదైనా అన్నివేళలా అంటుకోదు. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి సుమారు ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్ళ దాకా ఉంటేనే మండుతుంది. అంతకు తక్కువైతే ఆవిరి చాలదు, ఎక్కువైతే గాలి చాలదు. పెట్రోలు నిండుగా ఉన్న అరలో ఆవిరి దట్టంగా ఉండి గాలి చాలదు. డీజిలు పోస్తున్నప్పుడు మిగిలిన పెట్రోలు ఆవిరి పలచనై, సరిగ్గా మండే పాళ్ళకు వచ్చి కూర్చుంటుంది. పైగా పారే డీజిలు విద్యుత్తును తెచ్చిపెడుతున్నది. ఇక కావలసింది ఒక్క రవ్వ. నిండు టాంకరు కంటే ఖాళీ టాంకరు భయంకరమని ఉస్తాదులు చెప్పే మాటకు అర్థం ఇదే.

చట్టం కూడా చమురులను అవి ఎంత వేడికి మండే ఆవిరినిస్తాయో చూసి తరగతులుగా విడదీసింది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం 23 డిగ్రీలకు లోపలనే మండే ఆవిరినిచ్చేవి మొదటి తరగతి. పెట్రోలు సున్నాకు కింద 40 డిగ్రీల చలిలో కూడా అలాంటి ఆవిరినిస్తుంది! డీజిలు రెండో తరగతి.

అర నిండింది. కాని అంచుదాకా నింపరు. చమురు వేడికి పొంగుతుంది. తెల్లవారుజామున నింపిన 12,000 లీటర్ల పెట్రోలు మధ్యాహ్నం ఎండకు పది డిగ్రీలు వేడెక్కితే వంద లీటర్లకు పైగా పెరుగుతుంది. ఆ పెరుగుదలకు పైన చోటు వదలాలి. పెరిగిందని సంతోషించటానికేమీ లేదు, బరువు పెరగదు గదా!

ఇప్పుడు కొలత. ప్రతి టాంకరుకూ తూనికలు కొలతల శాఖవాళ్ళు ముద్ర వేసిన కొలతకడ్డీ ఒకటి ఉంటుంది. కడ్డీ ఇత్తడిది, ఇనుముకు రాసుకున్నా రవ్వ రాల్చదు. కడ్డీని నిలువుగా దించి, చమురు తడి ఎంతవరకు అంటిందో చూస్తారు. మన కుర్రవాడు మూత తియ్యగానే కడ్డీ దించబోతాడు. ఉస్తాదు చెయ్యి పట్టి ఆపుతాడు.

"ఆగు తమ్మీ. నింపుడు ఆపినంతమాత్రాన చమురుకు పట్టిన కరెంటు వెంటనే పోదు. దానికి కొంచెం సేపు నిలబడి చల్లారే టైమియ్యి."

నన్నడిగితే ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనది స్టీరింగు తిప్పటం కాదు. ఇలా ఊరికే నిలబడి ఉండటం. వెనక ఇరవై బండ్లు వరుసలో ఉంటాయి. అందరూ తొందరపెడుతుంటారు. అయినా నిలబడాలి.

కొలత సరిపోయాక మూతలకూ, కింది కవాటాలకూ తాళాలు వేసి, ముద్రలు వేస్తారు. చలానా మీద ఎన్ని లీటర్లు, ఎంత సాంద్రత రాసి ఇస్తారు. బండి ఎక్కడ తిరుగుతున్నదో, ఎక్కడ ఆగిందో ఉపగ్రహాల సాయంతో కంపెనీవాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది.

అక్కడినుంచి కమ్మర్‌పల్లి సుమారు రెండువందల కిలోమీటర్లు. మేడ్చల్, తూప్రాన్, కామారెడ్డి, ఇందల్వాయి దాటి, ఆర్మూరు దగ్గర నాగపూరు రోడ్డు విడిచి కుడికి తిరగాలి. ఉస్తాదు ఇప్పుడు కుర్రవాడి చేతికి స్టీరింగు ఇస్తాడు. పసుపు బస్తాల లారీ తోలిన చేతికి ఇది వేరే బండిలా తోస్తుంది. బస్తాలు వేసినచోట ఉంటాయి. చమురు ఊరుకోదు. వంపులో బండి తిరుగుతుంటే చమురు బయటివైపుకు ఎగబాకి బండిని అటే తోస్తుంది. అందుకని వంపులోకి వచ్చాక బ్రేకు వెయ్యటం కాదు, వంపు రాకముందే వేగం తగ్గించాలి. దారిలో ఒక బంకు దగ్గర ముందు అరలు దించేసి, వెనక అర నిండుగా ఉంచుకు బయలుదేరినా చిక్కే. ముందు చక్రాల మీద బరువు తగ్గి, స్టీరింగు తేలిపోతుంది.

టాంకరు వెనకా పక్కలా ఒక పలక మీద అంకెలు కనిపిస్తాయి. పెట్రోలుకు 1203, డీజిలుకు 1202. ఇవి ప్రపంచమంతటా ఒక్కటే. ప్రమాదం జరిగితే, వచ్చే అగ్నిమాపకదళం వాళ్ళు భాష తెలియకపోయినా అంకె చూసి లోపల ఏమున్నదో గ్రహిస్తారు. ఈసారి రోడ్డు మీద చూసినప్పుడు మీరూ ఆ అంకె చదవండి, దూరం నుంచే. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లో బహావల్‌పూరు దగ్గర పెట్రోలు టాంకరు ఒకటి బోల్తాపడింది. కారుతున్న పెట్రోలు పట్టుకోవటానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బిందెలు, డబ్బాలు తీసుకుని పరుగెత్తారు. పిల్లలు కూడా వెళ్ళారు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. పైకి ఎగిరిపోక నేల మీద నీళ్ళలా పాకుతుంది, కంటికి కనపడదు. దానికి నిప్పంటుకుని రెండువందల మందికి పైగా చనిపోయారు.

డ్రైవర్ల కష్టాలు డ్రైవర్లకున్నవి. 2024 జనవరి 1, 2 తేదీలలో హైదరాబాదులో టాంకర్లు కదలలేదు. ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ళదాకా జైలుశిక్ష వెయ్యవచ్చునని కొత్త చట్టంలో ఉండటమే కారణం. ఆగితే జనం కొడతారు, పోతే జైలు, మేమేం చెయ్యాలి అన్నారు డ్రైవర్లు. దెబ్బతిన్నవాణ్ణి రోడ్డు మీద వదిలిపోతే వాడి గతి ఏమిటని చట్టం చేసినవాళ్ళ ప్రశ్న. రెండు మాటల్లోనూ నిజమున్నది. రెండోరోజు సాయంకాలానికి బంకుల ముందు స్కూటర్లూ, కార్లూ వీధుల పొడుగునా బారులు తీరాయి. ఆ రాత్రి చర్చలు జరిగి సమ్మె ఆగింది. ఆ ఏడాది జులై 1న కొత్త చట్టం వచ్చినప్పుడు ఆ ఒక్క అంశాన్నీ అమలులోకి తేలేదు.

ఇక కమ్మర్‌పల్లి వచ్చింది. బండిని బయటికి పోయే దారివైపు ముఖం పెట్టి నిలపాలి. ఏదైనా జరిగితే వెనక్కు తిప్పకుండా తోలుకుపోవటానికి. చక్రాలకు అడ్డుకట్టెలు, ఇసక బకెట్లు, మంటలార్పే సీసాలు. మళ్ళీ మొదట భూమితీగ. ముద్రలు చెక్కుచెదరలేదని బంకువాళ్ళు చూస్తారు. చమురు నిలకడకు వచ్చేదాకా ఆగి, కడ్డీతో కొలుస్తారు. ఒక గాజుజాడీలో చమురు తీసి, తేలే కొలతగొట్టంతో సాంద్రత, ఉష్ణమాపకంతో వేడి చూస్తారు. ఆ రెండింటినుంచి 15 డిగ్రీల దగ్గర సాంద్రత ఎంతో లెక్క కట్టి, చలానాతో పోలుస్తారు. ఘనమీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉంటే సరుకు దింపుకోరు. పెట్రోలు చుక్క ఒకటి వడపోత కాగితం మీద వేస్తే మరక లేకుండా ఎగిరిపోవాలి. మరక మిగిలితే అందులో మరేదో కలిసిందన్నమాట.

కడ్డీ కొసకు ఒక లేపనం రాసి అర అడుగుకు దించుతారు. అడుగున నీళ్ళుంటే లేపనం రంగు మారుతుంది. ఈ పరీక్ష ఇప్పుడు మరీ ముఖ్యమైంది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలపటం మొదలైంది. ఇథనాల్ అంటే చెరకు మడ్డినుంచీ, మొక్కజొన్ననుంచీ తీసే సారాయే. ఈ సంగతి బోధన్ ప్రాంతంవాళ్ళకు కొత్తకాదు. నైజాం కాలంలో పెట్టిన బోధన్ చక్కెర ఫాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గాని, అది నడిచే రోజుల్లో మడ్డినుంచి సారాయి తీసే బట్టీ కూడా అక్కడ ఉండేది. సారాయిని పెట్రోలులో కలిపి బండ్లు నడపాలన్న ఆలోచన కూడా పాతదే. దానికోసం మన దేశంలో 1948లోనే చట్టం చేశారు. ఇథనాల్‌కు నీళ్ళంటే ప్రాణం. ట్యాంకులో నీళ్ళు చేరితే అది పెట్రోలును వదిలి నీళ్ళతో కలిసి అడుక్కు దిగిపోతుంది. అప్పుడు బండి ఇంజనులోకి పోయేది పెట్రోలు కాదు!

ఇక దింపటమే. మన కుర్రవాడు గొట్టం భుజానికెత్తుకుంటాడు. బంకులో భూమి కింద రెండు ట్యాంకులున్నవి. ఒకటి పెట్రోలుకు, ఒకటి డీజిలుకు. మూతలు పక్కపక్కనే ఉన్నవి. ఒకదాని బదులు ఇంకొకదానిలో దింపితే ట్యాంకంతా పాడు. అది తెలిసేలోపల ఎన్ని ట్రాక్టర్లు పొలాల మధ్య ఆగిపోతాయో! ఉస్తాదు ఏమీ మాట్లాడకుండా చూస్తూ నిలబడతాడు. కుర్రవాడు ట్యాంకు మూత మీది రంగు చూస్తాడు, పేరు చదువుతాడు. ట్యాంకులో కడ్డీ వేయించి, నాలుగువేల లీటర్లు పట్టే చోటున్నదని తెలుసుకుంటాడు. గొట్టం ముందు ట్యాంకుకు బిగిస్తాడు, తరవాత బండికి. కవాటం తిప్పబోయి ఆగి, "ఈ అరల డీజిలే కదా ఉస్తాద్?" అని అడుగుతాడు.

"చలానా నీ చేతిలనే ఉన్నది. నన్నెందుకడుగుతవు?" అంటాడు ఉస్తాదు.

కుర్రవాడు చలానా తీసి, అర నంబరు చూసుకుని, కవాటం తిప్పుతాడు. లోపల చమురు దిగుతున్నకొద్దీ ట్యాంకులోని గాలీ ఆవిరీ దూరాన నిలబెట్టిన ఎత్తు గొట్టం కొసనుంచి బయటికి పోతాయి. అయ్యేదాకా ఇద్దరూ అక్కడినుంచి కదలరు. టీకి కూడా పోరు. చివర అరలోకి తొంగి చూసి, గొట్టంలో మిగిలినది కూడా ట్యాంకులోకి వంచి, కవాటం మూసి, మూతలు వేసి, భూమితీగ తీస్తారు. బంకు బయట పసుపు బస్తాల ట్రాక్టర్లు అప్పటికే వరుస కట్టి ఉంటాయి.

"ఇగ బండి ఖాళీ అయింది, ఒక బీడీ కాల్చుకోవచ్చునా?" అని కుర్రవాడు నవ్వుతూ అడుగుతాడు.

ఉస్తాదు జవాబు చెప్పడు. టాంకరు వెనక పలక మీద ఉన్న 1203 అంకెను వేలుతో చూపించి, బండి ఎక్కుతాడు.